వాన వెలిసిన వారానికే లాన్‌కు నీళ్లు పెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నల్గొండ శివారులోని మీ కాలనీలో పోయిన వారం కుండపోత వాన కురిసింది. మరునాడే కమిటీవాళ్లు రెండు వారాల పాటు లాన్లకు పైపు పెట్టవద్దని, పెడితే ఐదు వందలు జరిమానా అని నోటీసు అంటించారు. ఇప్పుడేమో ఎండ చురుక్కుమంటోంది. చెరువులు మత్తడి దూకుతున్నాయి, బోర్లు నిండే ఉంటాయి, లాన్‌కు వాడేది ఎలాగూ తాగని బోరు నీళ్లే, మరి ఈ ఆంక్షలు ఎందుకని అడుగుతున్నారు.

మాది దేవరకొండ రోడ్డు వైపున్న కాలనీ. కమిటీలో నీళ్ల వ్యవహారం కొన్నేళ్లు నా నెత్తిన ఉండేది. ఇలాంటి నోటీసులు నేనూ రాశాను, తిట్లూ తిన్నాను. నన్నడిగితే వాన తరువాత లాన్లకు నీళ్లు ఆపమనడం సబబే. అందరికీ కలిపి రెండు వారాలని గడువు పెట్టడమే సబబుగా లేదు.

ముందు బోర్ల సంగతి చెబుతాను, ఎక్కువ మంది పొరబడేది అక్కడే. మన జిల్లా అంతా గ్రానైటు రాయి. పైన కొన్ని మీటర్ల మేర శిథిలమైన రాతి పొర, దాని కింద గట్టి బండ, ఆ బండలో అక్కడక్కడ పగుళ్లు. మన బోర్లకు నీళ్లు వచ్చేది ఆ పగుళ్లలోంచే. రెండు మూడు గంటల్లో దంచికొట్టిన వానలో ఎక్కువ భాగం వాగుల వెంట పోతుంది, చెరువుల్లో చేరుతుంది, మట్టిలో ఆగి మళ్లీ ఆవిరవుతుంది. ఇలాంటి రాతి నేలలో కురిసిన వానలో సుమారు పదో వంతు లోపలికి ఇంకితే గొప్ప. ఆ కాస్తా పగుళ్ల దాకా దిగడానికి వారాలు పడుతుంది. అందుకే చెరువు ఒక్క రాత్రిలో నిండినా బోరు నిండదు. భూగర్భజల శాఖ లెక్కల్లో కూడా వానల ప్రభావం పూర్తిగా కనిపించేది నవంబరు కొలతల్లోనే. పానగల్లులోని ఉదయ సముద్రం చెరువును చూపించి మన బోరు బాగుందనుకోవడానికి అసలు వీల్లేదు. అందులో ఉండేది నాగార్జునసాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసి తెచ్చిన కృష్ణా నీరు.

ఇక తాగని నీళ్లే కదా అన్న మాట. ఫ్లోరైడ్ భయంతో మనం బోరు నీళ్లు తాగం, నిజమే. కానీ స్నానాలు, బట్టలు, ఇల్లు కడగడం అన్నీ దాని మీదే నడుస్తాయి కదా. పైగా పెద్ద వాన పడిన వారమే పైపుల్లో వచ్చే నీళ్లకు ఆటంకాలు ఎక్కువ. కరెంటు పోతుంది, ఎక్కడో పైపు కొట్టుకుపోతుంది, నీరు బురదగా వచ్చి శుద్ధి ఆలస్యమవుతుంది. 2020 అక్టోబరులో వాయుగుండం వానలు కురిసినప్పుడు మా కాలనీలో కొన్ని రోజులు బోరే దిక్కయింది. పైగా ఆ రోజుల్లో వోల్టేజీ ఒక తీరున ఉండదు. లాన్ల కోసం మోటారు గంటల తరబడి నడిచి వైండింగు కాలిపోయిందంటే, సంపు ఖాళీ అయ్యాక గానీ ఎవరికీ ఆ సంగతి తెలియదు.

గడ్డి ఎండిపోతుందన్న మీ భయానికి వస్తాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ లెక్కన ఎకరం పార్కు మీద 25 మిల్లీమీటర్లు కురిస్తే లక్ష లీటర్ల నీళ్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. మీరు చెప్పిన వాన అంతకు చాలా ఎక్కువే అయి ఉంటుంది. వానాకాలంలో లాన్ రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి తాగదు. అయితే పడిన నీళ్లన్నీ మట్టి దాచిపెట్టుకోలేదు, తేడా అంతా ఇక్కడే వస్తుంది. ఎర్ర చల్క నేలలో వేళ్లుండే జానెడు లోతులో నిలిచే నీరు నాలుగైదు రోజులకు సరిపోతుంది. నల్లరేగడి అయితే దానికి రెట్టింపు దాకా ఆగుతుంది. మా కాలనీలో ఎగువ వీధులు చల్క, దిగువన నల్లరేగడి. ఎగువ ఇళ్లవాళ్లు గడ్డి ఎండుతోందని, దిగువవాళ్లు నీరు నిలిచి కుళ్లుతోందని ఒకే సమావేశంలో అరిచేవారు. ఇద్దరి మాటా నిజమే. అలాంటిచోట అందరికీ ఒకే గడువు పెడితే ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

తడి మీద తడి పెడితే వచ్చే నష్టం చిన్నదేమీ కాదు. మట్టిలో గాలి ఆడక వేళ్లు పైపైనే ఉండిపోతాయి, ఉక్కపోతకు బూజు తెగులు వచ్చి గోధుమరంగు మచ్చలు గుండ్రంగా పాకుతాయి. వాటిని చూసి నీళ్లు చాలలేదనుకుని ఇంకా నీళ్లు పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. పార్కులో టైమరు పెట్టిన స్ప్రింక్లర్లు ఉంటే వాటి స్విచ్ ఎవరి చేతిలో ఉందో మీ కమిటీని తప్పకుండా అడగండి. జోరు వానలో గొడుగు పట్టుకుని వెళ్లి వాటిని ఆపించాల్సి వచ్చింది నాకు. ఇళ్లవాళ్లకు జరిమానా వేస్తూ పార్కులో అలా తిరగనిస్తే ఎవరు మాట వింటారు?

నీళ్లు కావాలో వద్దో గడ్డే చెబుతుంది. సాయంత్రం లాన్ మీద నడిచి వెనక్కి చూడండి. అడుగు పడినచోట గడ్డి వెంటనే లేస్తే దాహం లేదు. పడినట్టే ఉండిపోయి, రంగు మసకబారి కాస్త నీలంగా కనిపిస్తే మరునాడు పొద్దున నీళ్లు పెట్టవచ్చు. అనుమానం ఉంటే నాలుగంగుళాలు తవ్వి మట్టిని పిడికిట నొక్కండి. ముద్ద కడితే ఇంకా ఆగవచ్చు. పైమట్టి పొడిగా ఉందని కంగారు పడకండి, మన ఎండకు అది ఒక్క పూటలో ఆరిపోతుంది. మీది బెర్ముడా రకమైతే, అంటే మన గరికే, అసలు దిగులు వద్దు. ఎండి గోధుమరంగుకు తిరిగినా తడి తగలగానే చిగురిస్తుంది. డబ్బు పెట్టి గరిక కొనడం నాకు ఇప్పటికీ వింతే, అది వేరే కథ. కొరియన్ కార్పెట్ గడ్డి మాత్రం అంత ఓర్చుకోదు.

కాబట్టి ఆంక్షలు ఎత్తేయమని వాదించకండి, మార్చమని అడగండి. మేము చివరికి కుదుర్చుకున్నది ఇది: 25 మిల్లీమీటర్లు దాటిన వాన పడితే చల్క వీధులకు ఐదు రోజులు, నల్లరేగడి వీధులకు పది రోజులు పైపు బంద్, ఆ తరువాత పొద్దున ఏడు లోపు మాత్రమే, వారానికి రెండుసార్లు. వాన కొలవడానికి క్లబ్‌హౌస్ మేడ మీద నిలువు గోడల డబ్బా ఒకటి, స్కేలు ఒకటి చాలు. పేపర్లో వచ్చే మండల లెక్క మీద ఆధారపడవద్దు. పట్నానికి ఆ చివర పడిన వాన ఈ చివర పడకపోవడం మనకు మామూలే.

జరిమానా గురించి నాకు పెద్ద నమ్మకం లేదు. మా దగ్గర వసూలు చేయడానికి వెళ్లిన వాచ్‌మన్‌కు తలనొప్పి మిగిలింది తప్ప నీళ్లు మిగల్లేదు. లాన్ల పైపుకు వేరే వాల్వు పెట్టి తాళం వేశాక గొడవే లేకుండా పోయింది.

కొత్తగా పరిచిన గడ్డికి మినహాయింపు అడగండి. వేళ్లు పట్టేదాకా, అంటే మొదటి రెండు మూడు వారాలు, దానికి రోజూ కాస్త తడి కావాలి. పోర్టికోలోనూ బాల్కనీల్లోనూ ఉన్న కుండీలకు ఆంక్షలు వర్తించవని కూడా నోటీసులో రాయించండి. పైకప్పు కింద ఉన్న కుండీలో ఎంత పెద్ద వానైనా ఒక్క చుక్క పడదు.