నోట్స్‌కి, ఇంటి లెక్కలకి ఏ యాప్ మంచిది? మా బాపు సీడీ తెరిచాక నాకు తెలిసింది

"నోట్స్ రాసుకోవడానికి, ఇంటి ఖర్చుల లెక్కకి నోషన్ వాడాలా, ఎవర్‌నోట్ వాడాలా, లేక ఎక్సెల్ ఒక్కటే చాలా?" అని అడిగారు. ఏదైనా వాడండి. కానీ అందులో రాసింది బయటికి తీసి, ఇంకో కంప్యూటర్లో తెరిచి, చదవగలిగితేనే వాడండి. రంగులు, టెంప్లేట్లు, రిమైండర్లు అన్నీ ఆ తర్వాతే. ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో తెలియాలంటే మా బాపు సంగతి చెప్పాలి.

మా బాపు పరకాల దగ్గర సర్కారు బడిలో తెలుగు పంతులు. మా వైపు మాటలు కూడబెట్టడమంటే ఆయనకు ప్రాణం. తొవ్వ, దూప, ఇగురం, సోయి, గుమ్మి, బొక్కెన. అంగట్లో విన్నవి, నాట్లు వేసే ఆడవాళ్ళ దగ్గర విన్నవి, బడి పిల్లల తాతల నోట విన్నవి, ప్రతి మాటా అర్థంతో సహా నోటుబుక్కుల్లో రాసుకునేవారు. 2005లో రిటైర్ అయ్యాక వాటన్నిటినీ హన్మకొండలో ఒక డీటీపీ సెంటర్‌లో టైపు చేయించారు. పేజీకి 15 రూపాయలు, మొత్తం 96 పేజీలు. సీడీలో వేయించుకొచ్చి బీరువాలో అమ్మ పట్టుచీరల కింద పెట్టారు. కొన్నాళ్ళకు మేము పరకాల నుంచి హన్మకొండకు ఇల్లు మారాం. ఆ సామాన్ల గోలలో నోటుబుక్కులు పాత పేపర్లతో పాటు పోయాయి. ఎవరమూ పెద్దగా బాధపడలేదు. సీడీలో ఉన్నాయి కదా అనుకున్నాం.

2019లో దసరా సెలవులకి, చిన్న పుస్తకంగా వేయిద్దామని ఆ సీడీ బయటికి తీశాను. నా ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటే లేదు. నేను పత్తి మిల్లులో అకౌంట్స్ చూస్తాను. అక్కడి పాత కంప్యూటర్లో కాపీ చేసుకొచ్చి, బాపును పక్కన కూర్చోబెట్టుకొని ఫైల్ తెరిచాను. స్క్రీన్ నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, గీతలు, మధ్యలో డాలర్ గుర్తులు. తెలుగు అక్షరం ఒక్కటంటే ఒక్కటి లేదు. బాపు కళ్ళద్దాలు సర్దుకొని ముందుకు వంగి చూశారు. "గిదేంది బిడ్డా, ఇంగ్లీషుల ఉన్నది? నేను తెలుగే గదా రాయించిన" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఆ రోజుల్లో డీటీపీలో ఎక్కువగా వాడిన తెలుగు ఫాంట్లు యూనికోడ్ ఫాంట్లు కావు. యూనికోడ్ అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చి, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివేలా చేసే పద్ధతి. ఈ పాత ఫాంట్లలో అది లేదు. ఫైల్ లోపల దాగేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. ఫాంట్ వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తొడుగు ఊడి లోపలిది బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంట్ కూడా వచ్చింది. అంటే బాపు డబ్బులు కట్టి టైపు చేయించే నాటికే సరైన దారి ఉంది. మాకు చెప్పినవాళ్ళు లేరు, అడగాలని మాకూ తెలియదు.

పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, నేనూ వాడాను. చాలా వరకు మారింది కానీ వత్తులు దెబ్బతిన్నాయి. కొన్ని పక్క అక్షరానికి పోయాయి, కొన్ని అసలే లేవు. మామూలు వ్యాసమైతే తప్పు వత్తును చదువుతూనే పట్టేయొచ్చు. ఇవి పుస్తకాల్లో తరచూ కనపడని ఊరి మాటలు. 'అర్ర' అంటే గది. వత్తు పోతే 'అర' అవుతుంది, అదీ ఒక మాటే! అది తప్పో ఒప్పో చెప్పగలిగింది బాపు ఒక్కరే. అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు. వరుసగా 19 రాత్రులు కూర్చున్నాం. నేను చదవడం, ఆయన దిద్దడం. నా చేతులు నొప్పి పుడితే ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టాను. దాహాన్ని మేము 'దూప' అంటాం, ఆ మాట చెబితే 'ధూపం' అని రాసింది. బాపు మళ్ళీ నిదానంగా, బడిలో డిక్టేషన్ చెప్పినట్టు "దూ... ప" అన్నారు. మళ్ళీ ధూపమే. చివరికి చేత్తోనే కొట్టాను.

అన్నీ ఎక్కించాక, ఎక్సెల్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ కాల్క్‌లో పెట్టి ఒక్క బటన్ నొక్కితే అ, ఆ, ఇ వరుసలో సర్దుకుపోయాయి. పాత ఫైల్‌తో అది జరిగే పని కాదు, దాని వరుస లోపలి ఇంగ్లీషు అక్షరాల వరుస. వెతకడమూ అంతే. ఆ రోజు బాపు ముఖం చూస్తే, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అన్న ప్రశ్నకు నాకు ఇంకో కొలత అక్కర్లేదనిపించింది.

ఈ బాధ పాతకాలంతో పోయిందనుకోకండి. నచ్చిన వెబ్‌సైట్లలోని కొత్త వ్యాసాలను ఒకేచోట చదివించే గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడింది. వండర్‌లిస్ట్‌లో పనుల జాబితాలు రాసుకున్నవాళ్ళు, 2020 మేలో అదీ మూతపడితే వేరే చోటు వెతుక్కున్నారు. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాను 50 నోట్లకు కుదించింది. వాళ్ళ వ్యాపారం వాళ్ళది, తప్పనను. కానీ "టాప్ టెన్ యాప్స్" వీడియోలు చేసేవాళ్ళలో ఒక్కరైనా, రాసింది బయటికి తీసే ఎక్స్‌పోర్ట్ బటన్ ఎక్కడుందో చూపిస్తారా? నేను చూసినవాటిలో లేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. మా మిల్లుకు లారీల లెక్క ఎక్సెల్‌లో పంపండి అంటే, ఎక్సెల్‌ను స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపుతారు. నేను మళ్ళీ ప్రతి అంకె కొట్టాలి. కొన్ని తెలుగు పీడీఎఫ్‌లు కూడా ఇంతే, కంటికి తెలుగు, కాపీ చేస్తే చెత్త. 2026లో కూడా!

ఇక మీ ప్రశ్నకు వస్తాను. నోషన్ నచ్చితే వాడండి, అందులోంచి మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్), సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) రూపంలో బయటికి తీసుకోవచ్చు. నేను నోట్స్‌కి అబ్సిడియన్ వాడతాను, అది ప్రతి నోటునూ మామూలు టెక్స్ట్ ఫైల్‌గా మన ఫోల్డర్‌లోనే పెడుతుంది. రేపు ఆ కంపెనీ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. ఇంటి లెక్కలకి కాల్క్ చాలు, డబ్బులు కట్టే పని లేదు. పాస్‌వర్డ్‌లకి కీపాస్ఎక్స్‌సీ, అన్నీ ఒకే ఫైల్‌లో తాళం వేసి ఉంటాయి. కాపీలు గూగుల్ డ్రైవ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి. డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, ఫోటోలు కూడా కలిసే ఉంటాయి, అది గుర్తుంచుకోండి.

ఏ యాప్ తీసుకున్నా మొదటి వారంలోనే పది నోట్లు తెలుగులో రాసి, బయటికి తీసి, పక్కింటివాళ్ళ కంప్యూటర్లో తెరిచి చూడండి. సీఎస్‌వీని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు గజిబిజిగా కనపడొచ్చు. అప్పుడు టెన్షన్ పడి ఫైల్ పోయిందనుకోవద్దు. డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా తెరిచి, '65001 యూటీఎఫ్-8' (యూనికోడ్ అక్షరాలను ఫైల్‌లో దాచే పద్ధతి) ఎంచుకుంటే తెలుగు కనబడుతుంది. ఎక్సెల్‌లోనే సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోండి, లేకపోతే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. అలా మిగిలినవి ఇక వెనక్కి రావు.

బాపు జాబితాలో ఇప్పుడు 2,140 మాటలున్నాయి. ఆయనకు 79 ఏళ్ళు, ఇంకా కలుపుతూనే ఉన్నారు. మొన్న మా మేనకోడలు ఫోన్‌లో 'అర్ర' అని వెతికి, దొరికిన అర్థం చదివి, "తాతా, మరి వంటింటిని ఏమంటరు?" అని అడిగింది. ఆ మాట మా జాబితాలో లేదు. బాపు చెప్పారు, ఆ పిల్లే టైపు చేసింది.