ఫిష్ రిపోర్టులో 13క్యూ, 11క్యూ రెండూ ఉంటే ఏది లెక్క?

ప్రశ్న: మాది రాయగడ. నాన్నకు 66 ఏళ్లు, సీఎల్ఎల్ (నెమ్మదిగా పెరిగే ఒక రకం బ్లడ్ క్యాన్సర్). ఫిష్‌లో (క్రోమోజోముల్లో తేడాలను మెరిసే చుక్కలతో చూసే పరీక్ష) 13క్యూ డిలీషన్ (13వ క్రోమోజోములో ముక్క పోవడం) 68%, 11క్యూ 22%, 17పి లేదు. 13క్యూ మంచిదేనట కదా? మందులు ఇప్పుడే వద్దన్నారు. ఆగొచ్చా?

జవాబు: 13క్యూ ఒక్కటే ఉంటే మంచిదే. పక్కన 11క్యూ ఉంటే లెక్క మారిపోతుంది. 2000లో జర్మనీ వైద్యులు 325 మందిని చూసి వేసిన వరుస ఇప్పటికీ వాడుకలో ఉంది, ఎక్కువ ప్రమాదం నుంచి తక్కువకు: 17పి, తర్వాత 11క్యూ, 12వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉన్నవాళ్లు, ఏ తేడా లేనివాళ్లు, చివర 13క్యూ ఒక్కటే ఉన్నవాళ్లు. ఎన్ని కనిపించినా వరుసలో ముందున్నదే లెక్క. అంటే మీ నాన్నగారిది 11క్యూ. ఆ పేపర్లో ఎన్ని నెలలు బతుకుతారని ఇచ్చిన అంకెలు చూసి బెంగపడకండి, అవి పాత కీమో నాటివి. అకాలబ్రూటినిబ్ లాంటి బీటీకే మాత్రలు (క్యాన్సర్ కణాల పెరుగుదల సంకేతాన్ని ఆపేవి) 11క్యూ ఉన్నా బాగా పనిచేస్తాయి.

68% అంటే జబ్బు అంత ముదిరిందని కాదు. 200 కణాలు లెక్కపెడితే 136లో రెండు చుక్కలకు ఒకటే కనిపించిందని. ఇదే 3, 4% అయితే ల్యాబు కటాఫ్ (ఎంత శాతం దాటితే నిజమని లెక్కేస్తారో) అడగాలి. స్లైడు మీద చుక్కలు ఒకదానిపై ఒకటి పడ్డా ఒక్కటిగానే కనిపిస్తాయి.

17పి లేదని నిశ్చింతగా ఉండొద్దు. ముక్క పోతేనే ఫిష్‌కు తెలుస్తుంది. 17పి ముక్కలోనే ఉండే టీపీ53 జీన్‌లో చిన్న మార్పుంటే సీక్వెన్సింగే (జీన్‌ను అక్షరం అక్షరం చదివే పరీక్ష) పట్టుకోవాలి. అదున్నా కీమో సరిగా పనిచేయదు. ఐజీహెచ్‌వీ పరీక్ష (యాంటీబాడీ జీన్‌లో మార్పులున్నాయో లేదో చూసేది) జీవితంలో ఒక్కసారి చాలు. ఫిష్, టీపీ53 మాత్రం ప్రతి కొత్త మందుకు ముందూ మళ్లీ చేయించాలి, మధ్యలో కొత్త క్లోన్ (కొత్త మార్పున్న కణాల గుంపు) తల ఎత్తొచ్చు.

ఆగొచ్చు. 11క్యూ ఉందన్న ఒక్క కారణంతో మందు మొదలుపెట్టరు. హిమోగ్లోబిన్ 10 కంటే, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గుతున్నా, లింఫోసైట్లు 30,000 దాటాక 6 నెలల్లోపే రెట్టింపైనా, 6 నెలల్లో బరువు పదో వంతు తగ్గినా డాక్టర్ని కలవండి. 11క్యూలో మెడ, చంకల్లో బిళ్లలు పెద్దవవుతాయి, నెలకోసారి తడిమి చూడండి.

శాంపిల్ సంగతి. కౌంటు ఎక్కువుంటే చేతి రక్తమే చాలు, బోన్ మ్యారో అక్కర్లేదు. ఫిష్‌కు పచ్చ మూత హెపారిన్ ట్యూబు, సీక్వెన్సింగ్‌కు ఊదా మూత ఈడీటీఏ. కేరియోటైప్ (క్రోమోజోములన్నిటినీ చూసే పరీక్ష) కూడా అడిగితే కణాలు బతికుండాలి, పైగా సీపీజీ (కణాలు విభజన చెందేలా ప్రేరేపించే పదార్థం) కలిపి పెంచకపోతే సీఎల్ఎల్ కణాలు విభజన చెందక రిపోర్టు ఉత్తినే నార్మల్ అని వస్తుంది. ఆ వసతి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ట్యూబును ఐస్‌లో పెట్టొద్దు, ఎండలోనూ ఉంచొద్దు. శనివారం తీస్తే ఆదివారం పడి ఉంటుంది. అన్నిటికన్నా, మనిషినే రైల్లో విశాఖ తీసుకెళ్లి అక్కడే రక్తం ఇప్పించడం మేలు.