జిప్సం వేసినా వరి ఆకు కొసలు ఎండుతుంటే

జిప్సం వేసినా ఆకు కొసలు ఎండుతున్నాయని, నది పాయలో ఇసుక తవ్వకాలయ్యాకే బోరు ఉప్పెక్కిందని రాశారు. ఆ బోరు నీళ్లలోని ఉప్పే కారణమై ఉంటుంది. పాయలో ఇసుక లోతుగా తవ్వేకొద్దీ నది అడుగు దిగిపోతుంది, సముద్రపు పోటు ఇంకా పైకి ఎక్కుతుంది, ఆ ఉప్పునీరే భూమిలోకి ఇంకి బోరుకు చేరుతుంది. జిప్సం పనిచేసేది పి.హెచ్. (నేల క్షారగుణం కొలత) 8.5 దాటిన క్షార చౌడుకు. ఉప్పు నేలను కడగాల్సిందే.

1. బోరు కాసేపు ఆడించాక శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి, మట్టితో పాటు పరీక్షకు ఇవ్వండి. మట్టి ఇ.సి. (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 4 దాటి, పి.హెచ్. 8.5 లోపే ఉంటే జిప్సానికి ఇక డబ్బు పెట్టకండి.

2. సార్వాకు (వానాకాలం పంటకు) కాలువ వదలగానే చేను నింపి, దమ్ము చేసి (నీటిలో దున్ని), ఒకరోజు నిలవనిచ్చి ఆ నీళ్లన్నీ మురుగు బోదెలోకి తీసేయండి. రెండు మూడు సార్లు. చాలామంది నీరు పెడతారు గానీ బయటికి వదలరు. చేలోనే ఆరితే ఉప్పు అక్కడే మిగులుతుంది. అందుకే ముందు బోదె పూడిక తీయించండి. అది చేను కంటే పల్లంగా లేకపోతే కడగడం దండగ. (కింది చేను వాళ్లను ఒప్పించడమే అసలు టెన్షన్.)

3. ఉప్పును తట్టుకోవడానికి ముదురు నారు నాటండి, కుదురుకు మొక్కలు కాస్త ఎక్కువ పెట్టండి.

4. దాళ్వాలో (రెండో పంటకు) కాలువ నీరు అందకపోతే ఆ బోరు కింద వరి వేయకండి.