జనపనార కాంపోజిట్ల మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. జనపనార, గ్లాస్ ఫైబర్ పొరలను ఎపాక్సీ అనే జిగురు లాంటి రెజిన్‌తో కలిపి చేసిన కాంపోజిట్ల బలం మీద మా ప్రాజెక్టు. కార్బన్ ఫైబర్‌కే విలువ, నార మీద పనిచేస్తే ఎవరూ తీసుకోరని స్నేహితులు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. పీజీలో ఇదే రంగం ఎంచుకోవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా ఎంచుకోండి. ప్రాజెక్టు కూడా మార్చకండి.

మీ స్నేహితుల మాటలో కొంత నిజం ఉంది. బోయింగ్ 787 నిర్మాణ బరువులో దాదాపు 50 శాతం కాంపోజిట్లే. వాటిలో ప్రధానంగా ఉండేది కార్బన్ ఫైబరే, అలాంటి చోట నార పనికిరాదు. అయితే కార్ల తలుపుల లోపలి ప్యానెళ్లలో అవిసె నార, గోగు నార ఎప్పటినుంచో వాడుతున్నారు. గ్లాస్ ఫైబర్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములైతే, జనపనారది 1.4 దగ్గర ఉంటుంది. బరువు తగ్గడమే ముఖ్యమైన చోట ఈ తేడాకు చాలా విలువ ఉంది. తన్యత బలంలో (లాగినప్పుడు తెగకుండా తట్టుకునే శక్తిలో) మాత్రం గ్లాసే చాలా ముందుంటుంది. ఇంటర్వ్యూలో ఆ సంగతి దాచకుండా చెప్పండి.

ఈ రంగంలో పనిచేయాలంటే నమూనా ఎంత బలానికి విరిగిందో చెప్పడం సరిపోదు, ఎందుకు విరిగిందో చెప్పగలగాలి. అది నేర్చుకోవడానికి నారను మించినది లేదు. నార నీటిని పీలుస్తుంది, రెజిన్‌కు సరిగా అంటుకోదు. అందుకే సోడియం హైడ్రాక్సైడ్‌తో శుద్ధి చేస్తారు. గాఢత మితిమీరితే నారే బలహీనపడుతుంది. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటితే పాడవడం మొదలవుతుంది కాబట్టి ఎక్కువ వేడి మీద కరిగే ప్లాస్టిక్‌లతో కలపడం కష్టం. పైగా ఒకే కట్టలోని పోగులు కూడా ఒకే బలంతో ఉండవు. విరిగిన చోటును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు పోగులు శుభ్రంగా ఊడి వచ్చినట్లు కనిపిస్తే, రెజిన్ సరిగా పట్టలేదని అర్థం.

మీ ప్రాజెక్టులో ఒక పని తప్పకుండా చేయండి. పొరల సంఖ్య మార్చకుండా వరుస మాత్రమే మార్చండి: ఒకసారి గ్లాస్ బయట, జనపనార లోపల, మరోసారి తిరగేసి. వంచినప్పుడు ఒత్తిడి ఎక్కువగా పడేది బయటి పొరల మీదే కాబట్టి గ్లాస్ బయట ఉన్నది వంపు పరీక్షలో మెరుగ్గా నిలుస్తుంది. లాగే పరీక్షలో అంత తేడా రాదు. దీనికి కారణం సొంత మాటల్లో వివరించగలిగితే, కార్బన్ ఫైబర్ మీద పైపైన చేసిన ప్రాజెక్టు కంటే మీదే నిలబడుతుంది.

పరీక్షలకు ఏఎస్‌టీఎం డి3039 (కాంపోజిట్లను లాగి పరీక్షించే పద్ధతి) వంటి ప్రమాణం పాటించండి. ఒక్కో రకానికి కనీసం 5 నమూనాలు ఉండాలి. నమూనా యంత్రం పట్టు లోపలే విరిగితే ఆ ఫలితాన్ని నమ్మలేం. సగటుతో పాటు విచలనమూ (ఫలితాలు సగటుకు ఎంత అటూ ఇటూ ఉన్నాయో) రాయండి. చాలామంది దాన్ని వదిలేస్తారు, అడిగేవాళ్లు ముందు చూసేది అదే.

గాలిమరల రెక్కలు, వాహనాలు, విమాన భాగాలు, క్రీడా పరికరాలు, పరీక్షా ప్రయోగశాలలు: అన్నిచోట్లా ఈ పునాది అవసరమే. వస్తువును చిన్న ముక్కలుగా విడదీసి దాని బలాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకుంటే డిజైన్ వైపూ దారి ఉంటుంది. పీజీకి కాలేజీ ఎంచుకునేటప్పుడు, అక్కడి టెస్టింగ్ యంత్రాన్ని, మైక్రోస్కోప్‌ను విద్యార్థులే స్వయంగా వాడతారా, లేక టెక్నీషియన్ చేసి ఫలితాల కాగితం చేతికిస్తారా అని సీనియర్లను అడిగి తెలుసుకోండి.