పక్కకు వాలి పడుకునే చేప

ప్రశ్న: నెల కిందట బ్లాక్ ఘోస్ట్ చేపను తెచ్చాం. నాలుగంగుళాలుంది. పగలంతా మూలలో పక్కకు వాలి పడివుంటుంది. గుళికల మేత ముట్టదు. తొట్టి రెండడుగులది, పోసేది బోరు నీళ్లు. జబ్బేమో, మందు వేయాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మందు సీసా పక్కన పెట్టేయండి. అది నిద్రపోతోందమ్మా! ఈ దక్షిణ అమెరికా చేప రాత్రిపూట తిరిగేది. మొప్పలు సమంగా ఆడుతుంటే భయం లేదు. తోకలో పుట్టే సన్నటి కరెంటుతో చీకట్లోనే మేత కనిపెడుతుంది. అందుకే లైటు ఆర్పిన అరగంటకు, గడ్డకట్టిన బ్లడ్‌వార్మ్స్ (చేపల మేతగా అమ్మే ఎర్రటి సన్న పురుగులు) కరిగించి అది దాక్కునే చోట వదలండి. గుళికలు తర్వాత అలవాటు చేయొచ్చు.

దాక్కోవడానికి ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు అడుగు ముక్క చాలు, ప్రస్తుతానికి. కోసిన అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. దీని ఒళ్లు సున్నితం, గీరుకుంటే పుండే. రాగి కలిసిన మందులు పడనిదీ అందుకే. అడుగున గులకరాళ్లు తీసి సన్న ఇసుక పోయండి.

బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉంటే సగం ఆర్వో నీళ్లు కలపండి. వారానికి పావు వంతు మార్చాలి. నీటి వేడి 24–28 డిగ్రీలు ఉండాలి. మే నెల ఎండల్లో మన ఊళ్లో అది 30 దాటేస్తుంది. మూత తీసి వల కప్పి, నీటి మీదికి టేబుల్ ఫ్యాను తిప్పండి, ఎయిర్ పంపు ఆపొద్దు.

అసలు చిక్కు తొట్టిదే. ఈ చేప అడుగున్నర పెరుగుతుంది. మీ తొట్టిలో పట్టేది 55 లీటర్లే. పోనుపోను ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తొట్టి కావాలి. అంత చోటు లేకుంటే ఇప్పుడే అంగడికి తిరిగిచ్చేయండి. పక్కన నియాన్ టెట్రాలనే చిన్న చేపలుంటే, అది కాస్త పెరిగాక ఒక్కొక్కటే మాయమవుతాయి.