అభ్యాస పాఠం ముగిశాక ఏమి రాసుకోవాలి?

ప్రశ్న: నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. ఇటీవల ఏడో తరగతి పిల్లలకు సంగీతంలో ఒక అభ్యాస పాఠం చెప్పాను. ఎనిమిది మాత్రల తాళాన్ని చప్పట్లతో నేర్పి, దానిమీద చిన్న పాట పాడించాను. పోను పోను చప్పట్లు వేగం పుంజుకున్నాయి. పాట మొదలయ్యాక వెనుక వరుసల అబ్బాయిలు నోరు మెదపలేదు. ‘పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు, తరగతి నిర్వహణ మెరుగుపడాలి’ అని స్వీయ సమీక్ష రాస్తే, పర్యవేక్షకులు చాలదని తిప్పి ఇచ్చారు. ఇంకా ఏమి రాయాలి?

జవాబు: మీరు రాసిన ఆ వాక్యం లెక్కల పాఠానికైనా, చరిత్ర పాఠానికైనా అతుకుతుంది. సంగీత పాఠం సమీక్షలో తరగతిలో మీ చెవికి వినిపించినది ఉండాలి. చిత్రమేమిటంటే, అది మీ ప్రశ్నలో ఉంది, సమీక్షలోనే లేదు.

వెనుక వరుసల మౌనాన్ని క్రమశిక్షణ లోపంగా లెక్కగట్టే ముందు ఆ పిల్లల వయసును గమనించండి. సాధారణంగా పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య అబ్బాయిల స్వరపేటిక పెరిగి, స్వరతంతువులు పొడవుగా, మందంగా మారి, గొంతు క్రమంగా దాదాపు ఒక స్థాయి (పై ‘స’ నుంచి కింది ‘స’ వరకు ఉండే దూరం) కిందికి దిగుతుంది. ఆ మార్పు సాగుతున్న నెలల్లో నిన్న అందిన స్వరం ఇవాళ అందదు, అందుకోబోతే గొంతు జీరబోతుంది, తోటివారి ముందు అలా జరగడం కంటే ఊరకుండడమే మేలని వారికి తోచడం సహజం. అమ్మాయిల గొంతూ మారుతుంది గాని, ఆ తేడా స్వల్పం. అందువల్ల మీరు పాటను ఏ శ్రుతిలో ఎత్తుకున్నారో, అది మీ గొంతుకు అనువైనదో వారి గొంతుకు అనువైనదో, వారు పై స్వరాల దగ్గర ఆగిపోయారో మొదటినుంచీ పాడనే లేదో రాయండి. పై స్వరాల దగ్గరే ఆగితే శ్రుతి తగ్గించవచ్చు, లేదా నాలుగైదు స్వరాలకు మించని వేరే వరుసను వారికి అప్పగించవచ్చు. మొదటినుంచీ పాడకపోతే పాట ఎంపికనూ, దాన్ని పరిచయం చేసిన తీరునూ తిరిగి చూసుకోవాలి. కారణం తెలుసుకోవడానికని ఒక్కొక్కరినీ లేపి పాడించకండి, ఉన్న బిడియం రెట్టింపవుతుంది.

ఇక వేగం సంగతి. గుంపుగా చప్పట్లు కొట్టేటప్పుడు అది పెరగడం సర్వసాధారణం. ఎన్నో ఆవృత్తంలో, అంటే తాళం ఎన్నో చుట్టులో పెరిగిందో, అప్పుడు మీరు నడిపిస్తున్నారో వారి వెంట పోతున్నారో రాయాలి. పాఠశాల అనుమతితో ధ్వని మాత్రం రికార్డు చేసుకుంటే ఇది తేలిగ్గా తెలుస్తుంది. స్విట్జర్లాండ్ సంగీత శిక్షకుడు ఎమిల్ జాక్ డాల్క్రోజ్ (1865–1950) లయను శరీర కదలికల ద్వారా నేర్పించారు. మీరూ చప్పట్లకు ముందు పిల్లలను నిలకడైన అడుగులతో నడిపించి చూడవచ్చు.

1960లలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన, కొద్దిమందికి చిన్న పాఠం చెప్పి సాధన చేసే సూక్ష్మబోధన పద్ధతిలో సమీక్ష తరువాత అదే పాఠాన్ని సవరించి మళ్లీ చెబుతారు. మీ సమీక్ష కూడా అందుకు పనికిరావాలి కనుక, ‘మెరుగుపడాలి’ అన్నచోట ఈసారి ఏ శ్రుతిలో పాడిస్తారో, తాళాన్ని ఎలా మొదలుపెడతారో రాసి ఇవ్వండి.