పైథాన్ వచ్చినా షెల్ కమాండ్లు ఎందుకంటే...

పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చినవాడు మళ్ళీ షెల్‌లో (మనం టైప్ చేసిన కమాండ్లని నడిపే ప్రోగ్రాం) ఒక్క లైను కమాండ్లు నేర్చుకోవాలా అని కదా అడిగారు. నేర్చుకోవాలి. నేను మాత్రం పరువు పోయాకే నేర్చుకున్నా.

రెండు బ్రాంచిల నుంచి వచ్చిన మొబైల్ నంబర్ల ఫైళ్ళు కలిపి డూప్లికేట్లు తీసేయమన్నారు, అదీ శుక్రవారం సాయంత్రం. మొత్తం పదిహేను లక్షల లైన్లు, ఎక్సెలేమో 10,48,576 వరుసల దగ్గరే చేతులెత్తేస్తుంది. ఫైళ్ళు కలిపే క్యాట్ (cat) కమాండ్‌తో కలిపి, ఆ ఫలితాన్ని నేరుగా డూప్లికేట్లు తీసే యూనిక్ (uniq)కి పంపా, అంటే పైపు కొట్టా. దాదాపు ఏమీ తగ్గలేదు. పక్క సీటు అన్న నవ్వి, "ఒరేయ్, అది పక్కపక్కన ఉన్న లైన్లనే పోలుస్తుంది, ముందు సార్ట్ చెయ్యి" అన్నాడు. చేశా, బాగానే తగ్గింది, మెయిల్ కొట్టేసి ఇంటికెళ్ళిపోయా. సోమవారం పొద్దున్నే గొడవ, ఒక్కొక్కరికి రెండేసి మెసేజ్‌లు వెళ్ళాయట.

లిస్టులో రెండుసార్లు మిగిలిపోయిన ఒక నంబర్‌ని తెర మీద చూస్తే రెండూ అచ్చం ఒకటే. గంటసేపు జుట్టు పీక్కుని, చివరికి కనబడని అక్షరాల్ని కూడా చూపించే మైనస్ పెద్ద ఏ (-A)ని క్యాట్‌కి తగిలిస్తే (మ్యాక్‌లో అయితే చిన్న ఈ, -e) ఒకదాని చివర లైను అయిపోయిందని చెప్పే డాలర్ గుర్తు, రెండోదాని చివర టోపీ గుర్తు (^), ఎమ్, ఆ తర్వాత డాలర్! ఒక ఫైలు విండోస్‌లో సేవ్ చేసిందన్నమాట, లైను చివర కంటికి కనబడని క్యారేజ్ రిటర్న్ అనే అదనపు అక్షరం కూర్చుంది. అక్షరాలు తీసేసే టీఆర్ మైనస్ డీ (tr -d)తో దాన్ని ఊడబీకి, సార్ట్ చేసి డూప్లికేట్లు కూడా తీసేసే సార్ట్ మైనస్ యూ (sort -u) కొట్టా, అంతే.

వాట్సాప్‌లో తిరిగే 'వంద లినక్స్ కమాండ్లు' పీడీఎఫ్‌లు ఎవరు చదువుతారో నాకర్థం కాదు, అందులో ఈ ముక్క ఒక్కటీ ఉండదు. నాకు రోజూ అన్నం పెట్టేది ఒకే వరస: సార్ట్, యూనిక్ మైనస్ సీ, సార్ట్ మైనస్ ఎన్ఆర్, హెడ్. అంటే ఒకేలాంటి లైన్లని పక్కపక్కకి చేర్చి, ఎన్నేసి ఉన్నాయో లెక్కపెట్టి, ఎక్కువ నుంచి తక్కువకి పేర్చి, పైవి మాత్రం చూపించడం. లాగ్‌లో (ప్రోగ్రాం రాసిపెట్టే చిట్టా) ఏ ఎర్రర్ ఎక్కువో చిటికెలో తేలిపోతుంది. 1986లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ పేజీలకు పేజీలు రాసిన పదాల లెక్క ప్రోగ్రాంకి యూనిక్స్ పైపుల ఆలోచన ఇచ్చిన డగ్ మెక్‌ఇల్‌రాయ్ ఆరు కమాండ్ల పైపుతో జవాబిచ్చాడే, దాని తోక కూడా దాదాపు ఇదే. పైథాన్‌లో మీరు ఫైలు ఓపెన్ చేసేలోపు నాకు జవాబు వచ్చేస్తుంది.

అన్నట్టు, సార్ట్ ఫలితాన్ని బాణం గుర్తు (>)తో అదే ఫైలులోకి పంపకండి. సార్ట్ మొదలయ్యేలోపే షెల్ దాన్ని ఖాళీ చేసి పారేస్తుంది. ఫలితం ఏ ఫైలులోకి వెళ్ళాలో చెప్పే మైనస్ ఓ (-o) సార్ట్‌కి ఉన్నది అందుకే.